మంచినీటి సరస్సులలో సాల్మన్, ట్రౌట్ చేపల ట్రోలింగ్: పరికరాలు, మెలకువలు, యాజమాన్య పాఠాలు

పడవ నెమ్మదిగా సాగుతుండగా దాని వెనుక ఎరలను నీటిలో లాగుతూ చేపలను పట్టే పద్ధతిని ట్రోలింగ్ అంటారు. ఉత్తర అమెరికాలోని మహా సరస్సులలో సాల్మన్, ట్రౌట్ చేపలను గాలంతో పట్టేవారు అనుసరించే ప్రధాన పద్ధతి ఇదే. మిషిగన్ సరస్సునే తీసుకుంటే దాని విస్తీర్ణం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, గరిష్ఠ లోతు 281 మీటర్లు. ఇంతటి జలరాశిలో చేప ఏ లోతున ఉంటుందో వేసవిలో ప్రధానంగా నిర్ణయించేది నీటి ఉష్ణోగ్రత. ట్రోలింగ్ పరికరాలన్నీ ఎరను అనుకూల ఉష్ణోగ్రత గల లోతుకు చేర్చి, తగిన వేగంతో అక్కడే నడిపించడానికి రూపొందినవే. ఈ వ్యాసం ఆ పరికరాల పనితీరును వివరిస్తూ, నైపుణ్యం పెరిగిన కొద్దీ చేపల నిల్వల అంచనాలో తలెత్తే చిక్కును కూడా పరిశీలిస్తుంది.

నేపథ్యం

మహా సరస్సులలో స్థానిక ప్రధాన భక్షక చేప లేక్ ట్రౌట్. నయాగరా జలపాతాన్ని తప్పించి నిర్మించిన వెలండ్ కాలువ ద్వారా సీ లాంప్రే అనే పరాన్నజీవి ఎగువ సరస్సులలోకి ప్రవేశించింది. అది 1936లో మిషిగన్ సరస్సులో కనిపించింది. లాంప్రే దాడికి మితిమీరిన వేట తోడై, 1950వ దశకం నాటికి ఆ సరస్సులో లేక్ ట్రౌట్ దాదాపు అంతరించింది. 1949లో అక్కడ కనిపించిన ఏల్‌వైఫ్ అనే చిన్న సముద్ర జాతి చేప, తినే జీవి లేకపోవడంతో విపరీతంగా పెరిగింది. 1967లో అవి పెద్ద ఎత్తున చనిపోయి తీరాల పొడవునా గుట్టలుగా పడ్డాయి.

లాంప్రే లార్వాలను చంపే రసాయనం అందుబాటులోకి వచ్చిన తరువాత, మిషిగన్ రాష్ట్ర మత్స్య శాస్త్రవేత్తలు హోవర్డ్ టానర్, వేన్ టోడీ పసిఫిక్ సాల్మన్‌ను ప్రవేశపెట్టే కార్యక్రమాన్ని నడిపించారు. 1966లో కోహో, 1967లో చినూక్ పిల్లలను వదిలారు. ఏల్‌వైఫ్‌ను తిని ఇవి వేగంగా పెరిగాయి. లోతైన మంచినీటిలో ట్రోలింగ్ ఇంతగా విస్తరించడానికి ఈ చేపలే కారణం.

సరస్సులోని ఉష్ణ స్తరాలు

మంచినీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ వద్ద గరిష్ఠంగా ఉంటుంది. అందువల్ల వేసవిలో వేడెక్కిన తేలికపాటి నీరు పైన, చల్లని బరువైన నీరు అడుగున నిలుస్తాయి. ఈ రెండింటి మధ్య, కొద్ది మీటర్ల లోతులోనే ఉష్ణోగ్రత వేగంగా పడిపోయే పొరను థర్మోక్లైన్ అంటారు. ఉపరితలం 20 డిగ్రీలు దాటినప్పుడు కూడా అడుగు పొర 4 నుండి 6 డిగ్రీల వద్ద ఉండవచ్చు.

ఒక్కొక్క జాతి ఇష్టపడే ఉష్ణోగ్రత సుమారుగా ఇలా ఉంటుంది: లేక్ ట్రౌట్‌కు 7 నుండి 10 డిగ్రీలు, చినూక్‌కు 10 నుండి 13, కోహోకు 11 నుండి 14, స్టీల్‌హెడ్‌కు 13 నుండి 16, బ్రౌన్ ట్రౌట్‌కు 13 నుండి 18. ఆహారం కోసం ఇవి హద్దు దాటి కొంతసేపు తిరిగినా, వెతకడం మొదలుపెట్టవలసిన లోతును ఈ అంకెలే సూచిస్తాయి.

గాలి ఈ పొరలను స్థానభ్రంశం చేస్తుంది. ఉత్తర గాలులు కొన్ని రోజులపాటు వీస్తే, భూభ్రమణ ప్రభావం వల్ల మిషిగన్ సరస్సు తూర్పు తీరంలోని ఉపరితల జలాలు లోపలికి జరిగి, అడుగు నుండి చల్లని నీరు పైకి వస్తుంది. నిన్న 25 మీటర్ల లోతున దొరికిన చేప నేడు 10 మీటర్ల లోతున దొరకడానికి ఇది ఒక కారణం. కాబట్టి గత దినపు లోతును అనుసరించడం కంటే ఆ రోజు ఉష్ణోగ్రతను కొలవడమే సరైన పద్ధతి.

లోతును నియంత్రించే పరికరాలు

డౌన్‌రిగ్గర్: పడవ అంచున బిగించిన చక్రం నుండి సన్నని ఉక్కు తీగపై 4 నుండి 6 కిలోల బరువును నీటిలోకి దించుతారు. గాలపు తాడును ఆ బరువు వద్ద ఉన్న క్లిప్పుకు తగిలిస్తారు. చేప ఎరను పట్టగానే తాడు క్లిప్పు నుండి విడిపోతుంది. ఆపైన బరువు అడ్డు లేకుండా చేపను లాగవచ్చు. అయితే పడవ కదులుతున్నప్పుడు నీటి నిరోధం వల్ల తీగ వెనుకకు వాలుతుంది. 30 మీటర్ల తీగ నిలువు రేఖ నుండి 30 డిగ్రీలు వాలితే బరువు ఉన్న అసలు లోతు సుమారు 26 మీటర్లే. పలుచని థర్మోక్లైన్‌లో ఈ 4 మీటర్ల తేడా వల్ల ఎర చేపలున్న పొరను పూర్తిగా తప్పిపోవచ్చు.

డైవింగ్ ప్లేనర్: వాలుగా అమరి నీటి ఒత్తిడితో కిందికి దిగే పళ్లెం వంటి సాధనం ఇది. దీని అడుగు పలకను తిప్పి అమర్చుకుంటే ఎర పడవకు కుడివైపుకో ఎడమవైపుకో జరిగి కూడా నడుస్తుంది. డిప్సీ డైవర్ ఈ కోవకు చెందినదే. తాడు పొడవు, పలక అమరిక, వేగం అనే మూడింటిపై దాని లోతు ఆధారపడుతుంది.

సీసపు తాడు: అల్లిక తొడుగు లోపల సన్నని సీసపు తీగ ఉన్న తాడు ఇది. ప్రతి 10 గజాలకు దీని రంగు మారుతుంది. గంటకు సుమారు 3 కిలోమీటర్ల వేగంలో ఒక్కొక్క రంగుకు దాదాపు ఒకటిన్నర మీటరు లోతు లభిస్తుందని సాధారణ లెక్క. రాగి తాడు అదే పొడవుకు ఇంకా లోతుకు దిగుతుంది.

ప్లేనర్ బోర్డు: తాళ్లను పడవకు ఇరువైపులా దూరంగా లాగే తేలియాడే పలక ఇది. వసంతంలో బ్రౌన్ ట్రౌట్, కోహో వంటివి తీరం వద్ద లోతు తక్కువ నీటిలో ఉన్నప్పుడు పడవ అలికిడికి బెదిరిపోతాయి. అప్పుడు ఈ బోర్డులు ఎంతో ఉపయోగకరం.

వేగం, ఎరలు

చినూక్‌కు గంటకు 3.2 నుండి 4.8 కిలోమీటర్ల వేగం, లేక్ ట్రౌట్‌కు అంతకంటే తక్కువగా 2.4 నుండి 3.2 కిలోమీటర్ల వేగం వాడుకలో ఉన్నాయి. ఇక్కడ లెక్కించవలసినది ఎర ఉన్న లోతులో నీటికి సాపేక్షంగా దాని వేగం. జీపీఎస్ చూపేది ఉపరితలంపై పడవ స్థానం మారే వేగం మాత్రమే. అడుగు ప్రవాహం ఎదురైతే ఎర వేగం పెరుగుతుంది, అనుకూలమైతే తగ్గుతుంది. అందుకే బరువు వద్ద అమర్చే వేగ, ఉష్ణోగ్రతా మాపకాలు విలువైనవి.

అవి లేనివారికి మలుపు చక్కని పరీక్ష. పడవ మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు ఎరలు వేగం పుంజుకుంటాయి, లోపలి వైపు ఎరలు నెమ్మదిస్తాయి. సీసపు తాళ్లైతే బయటివి కొంత పైకి లేస్తాయి, లోపలివి దిగుతాయి. చేప పదేపదే లోపలి తాడునే పడుతుంటే వేగం తగ్గించాలి లేదా ఎరను లోతుకు దించాలి. బయటి తాడును పడుతుంటే వేగం పెంచాలి లేదా ఎరను పైకి తేవాలి. ఒకసారికి ఒక అంశాన్నే మార్చితే కారణం తెలుస్తుంది.

ఎరలలో చెంచా ఆకారపు లోహపు రేకులు ప్రధానమైనవి. ఇవి చిన్న చేప కదలికను అనుకరిస్తాయి. మెరుస్తూ తిరిగే ఫ్లాషర్, అటూ ఇటూ ఊగే డాడ్జర్ అనే పలకల వెనుక కుచ్చు ఎరలను కడతారు. పలక చేపను ఆకర్షిస్తే, దాని కదలిక కుచ్చుకు చలనమిస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఎరుపు రంగు ముందుగా మాయమవుతుంది. స్వచ్ఛమైన నీటిలో నీలం, ఆకుపచ్చ రంగులు ఎక్కువ లోతు వరకు కనిపిస్తాయి. వేకువ మసక వెలుతురులో కాంతిని నిల్వ చేసుకుని వెలిగే పూత గల ఎరలను వాడతారు.

పట్టిన చేపను వదలడం

సాల్మన్, ట్రౌట్ చేపల గాలితిత్తి అన్నవాహికతో కలిసి ఉంటుంది. అందువల్ల పైకి వచ్చేటప్పుడు ఇవి కొంత గాలిని నోటి ద్వారా వదలగలవు. వేసవిలో వీటికి పెద్ద ముప్పు వేడి. 8 డిగ్రీల నీటిలో పట్టిన లేక్ ట్రౌట్‌ను 20 డిగ్రీలు దాటిన ఉపరితలంపై ఎక్కువసేపు పోరాడనిస్తే, వదిలిన తరువాత అది బతికే అవకాశం తగ్గుతుంది. ఎదురు ముల్లు లేని గాలాలు వాడడం, త్వరగా లాగడం, నీటిలోనే గాలం విప్పడం మేలు. కావలసినన్ని చేపలు దొరికాక వేట ఆపడమే ఉత్తమం.

నిల్వల అంచనాలో చిక్కు

వేసవిలో చేపలు పలుచని పొరలో గుమికూడతాయి. ఆ పొరను కచ్చితంగా పట్టుకోగల పరికరాలు చేతిలో ఉన్నప్పుడు, సరస్సులో చేపల సంఖ్య తగ్గినా గంటకు దొరికే చేపల సంఖ్య వెంటనే తగ్గకపోవచ్చు. పడవ నిండుగా తిరిగి వచ్చినంత మాత్రాన సరస్సు నిండుగా ఉన్నదని అర్థం కాదు.

హ్యూరన్ సరస్సు అనుభవం ఇందుకు హెచ్చరిక. అక్కడ 2003-04లో ఏల్‌వైఫ్ కుప్పకూలింది. దానిపైనే ఆధారపడిన చినూక్ వేట కూడా కొద్ది కాలంలోనే క్షీణించి, తీరప్రాంతాల ఆదాయం దెబ్బతిన్నది. క్వాగ్గా ఆల్చిప్పలు ప్లవకాలను వడగట్టి తినడం వల్ల ఆహారపు గొలుసు మొదటి మెట్టు కూడా బలహీనపడింది. ఈ పాఠాన్ని గుర్తించిన యాజమాన్య సంస్థలు, మిషిగన్ సరస్సులో వదిలే చినూక్ పిల్లల సంఖ్యను 2013లో దాదాపు సగానికి తగ్గించాయి. వేటగాళ్లకు చేదుగా తోచినా, మేతకు మించి మందను పెంచరాదన్న పశుపోషణ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

భారతదేశంలో ట్రౌట్ కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్, నీలగిరులు వంటి చల్లని జలాలకే పరిమితం. తెలుగు రాష్ట్రాలలోని మైదాన జలాశయాల వెచ్చని నీరు వీటికి తగదు. కనుక ఈ పరికరాలను యథాతథంగా ఇక్కడ ప్రవేశపెట్టడం ప్రయోజనకరం కాదు. అయితే రెండు అంశాలు మన జలాశయాలకూ వర్తిస్తాయి. ఒకటి, చేపల నివాసాన్ని ఊహించక, లోతువారీగా ఉష్ణోగ్రతనూ కరిగిన ప్రాణవాయువునూ కొలిచి నిర్ధారించడం. రెండు, పట్టుబడి లెక్కలతో పాటు వాడిన పరికరం, లోతు, వెచ్చించిన సమయం, ఆ చేపలు తినే ఆహారం స్థితి కూడా నమోదు చేయడం. ఈ వివరాలు లేని పట్టుబడి అంకె ఎంత పెద్దదైనా, వచ్చే ఏడాది ఎన్ని పిల్లలను వదలాలన్న ప్రశ్నకు సమాధానమివ్వలేదు.