ఇంటి కార్ఖానాలో పాత బెంచి వైసు

రెండు చేతులతో ఆకురాయి పట్టినవానికి పనిని బిగించి పట్టుటకు మూడవ చేయి కావలెను. ఆ మూడవ చేయియే బెంచి వైసు. ఉర్దూలో దీనిని షికంజా అందురు. ఖైదీని బిగించు కొయ్య అను అర్థము కూడ ఆ మాటకు కలదు. దాని దవడల నడుమ ఒకసారి వేలు నలిగినవారికి ఆ పేరు ఎంత తగినదో వేరుగా చెప్పనక్కరలేదు.

నూజివీడు ప్రాంతము రసాలకు, బంగినపల్లికి పేరుపొందినది. అయితే తోటకు నీరు, మందు ఎంత అవసరమో మరమ్మతు కూడ అంతే అవసరము. బోరు మోటార్లు, మందు చల్లు స్ప్రేయర్లు, దోటి చివరి చిక్కములకు వేయు ఇనుప వలయములు, ఇవన్నియు ఇండ్ల వెనుక రేకుల పందిళ్లలో బాగుపడుచుండును. మా మేనమామగారి పందిరి అట్టిదే. ఆయన జీవనాధారము స్ప్రేయర్లు. పూత మొదలగు డిసెంబరు నెలలో, పని మీద పని వచ్చి పడు వేళ, ఆయన వైసు దవడ మెడ దగ్గర విరిగినది. విరుగగొట్టినవాడను నేనే. బిగువు చాలదని హ్యాండిలుకు పొడవాటి గొట్టము తొడిగి వ్రేలాడినాను. మామయ్య తిట్టలేదు. "అది కిర్రుమన్నప్పుడైనా వినలేదట్రా?" అని మాత్రము అడిగినారు.

ఏల విరిగినదో లెక్క వేసి చూచినాను. హ్యాండిలు పొడవు కేంద్రమునుండి 20 సెంటీమీటర్లు అనుకొందము. ఒక చుట్టు తిప్పిన చేయి దాదాపు 125 సెంటీమీటర్ల దూరము నడచును. మర అర సెంటీమీటరు మాత్రమే ముందుకు జరుగును. అనగా బలము 250 రెట్లు కావలెను. కాని రాపిడి అందులో నాలుగైదవ వంతులు తినివేయగా 50 రెట్లు మిగులును. పది కిలోల చేతి బలము దవడ వద్ద 500 కిలోల నొక్కుడగును. గొట్టము తొడిగి ఆ పొడవును 60 సెంటీమీటర్లు చేసినచో అది 1,500 కిలోలు. పోత ఇనుము నొక్కుడును ఎంతయినా సహించును గాని వంపును సహింపదు, వంగుటకు బదులు పగులును. తయారీదారులు హ్యాండిలును పొట్టిగా ఉంచుట పిసినారితనముచేత కాదు. ఇక ఆ రాపిడిని నిందింపరాదు. సగమునకు మించి బలము రాపిడిలో పోవుటచేతనే చేయి వదలినను మర వెనుకకు తిరుగక నిలుచును.

పగిలిన పోతను మామూలు వెల్డింగు కడ్డీతో అతికించిన నిలువదు. ముందుగా వేడిచేసి, నికెలు కడ్డీతో అతికి, బూడిదలో మెల్లగా చల్లార్చవలెను. అంత చేసినను సుత్తి దెబ్బలకు పనికిరాదు. కావున విజయవాడ ఆటోనగరుకు బస్సెక్కి, పాత ఇనుము దుకాణములో అయిదంగుళముల వైసు నొకదానిని తూకమునకు కొన్నాము. కుమ్మరి వద్ద కుండను మ్రోగించి చూచునట్లు మామయ్య ప్రతిదానిని చిన్న సుత్తితో తట్టి చూచినారు. ఖంగుమన్నది మంచిది, బొంగురు పలికినదానిలో పగులున్నట్లు.

ఇంటికి తెచ్చునప్పటికి మర తుప్పుతో బిగిసి యున్నది. రెండు రోజులు డీజిలులో నానవేసి, హ్యాండిలును బలముగా గాక, కొంచెము ముందుకు కొంచెము వెనుకకు కదపగా నెమ్మదిగా వదలినది. తుప్పును ఇనుప బ్రష్షుతోను, మొండి మచ్చలను ఇత్తడి చెంబు తోమునట్లు చింతపండుతోను తీసినాము. పులుపు తగిలిన ఇనుమును వెంటనే కడిగి, ఎండబెట్టి, నూనె రాయవలెను. లేనిచో సాయంత్రమునకే మరల తుప్పు పట్టును.

మరకు పలకల పళ్లుండును. కోసు పళ్ల మర నట్టును బయటికి చీల్చు బలము చూపును, పలకల పళ్లలో ఆ బలము దాదాపు లేదు. లోపలి నట్టు మెత్తని పోత ఇనుముది గనుక అదియే ముందు అరుగును. గ్రీజులో ఇనుప రజను కలిసినచో అది సానబెట్టు లేపనమే. హ్యాండిలు పావు చుట్టు వదులుగా తిరిగిన దోషము లేదు. మా నట్టు పళ్లు మాత్రము కత్తి అంచువలె పలుచబడినవి. అందుచేత మరనే నమూనాగా ఇచ్చి, లేతు మీద కంచు నట్టు చేయించినాము.

ఒక దవడ పలక లేదు. లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, బూడిదలో చల్లార్చి మెత్తబరచి, రంధ్రములు వేసి, మరల కాల్చి నూనెలో ముంచి, చివరకు కొద్దిగా వేడిచేసి పెళుసు తగ్గించినాము. ఇక్కడ నేను రెండవ తప్పు చేయబోయినాను. పాత స్క్రూ రంధ్రములో 8 మిల్లీమీటర్ల స్క్రూ ఒక చుట్టు ఎక్కి ఆగినది. బలవంతము చేయుచుండగా మామయ్య చేయి పట్టుకొన్నారు. అది 1841లో విట్వర్తు నిర్ణయించిన అంగుళపు కొలత, అంగుళమునకు 18 పళ్లు. మన దేశము 1956లో మెట్రిక్ చట్టము చేసినను పాత వైసులకు ఆ సంగతి తెలియదు గదా!

బిగించుటకు పలక కావలెను. ఊరంతయు మామిడియే గనుక మొదట మామిడి పలక వేసినాము. అది పండ్ల పెట్టెలకు తగిన మెత్తని చెక్క. బోల్టులు అందులోకి దిగబడి వైసు ఊగసాగినది. తరువాత పాత బండి నుండి తీసిన మూడంగుళముల నల్లతుమ్మ చెక్క దొరికినది. చెక్క మరలు పనికిరావు. పలక క్రిందికి దిగు 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు, అడుగున ఇనుప పట్టీ ఉండవలెను. వైసును బల్ల కాలి మీదుగా నిలిపిన దెబ్బ నేరుగా నేలకు పోవును. స్థిర దవడ బల్ల అంచుకు కొంచెము బయటికి ఉండవలెను, అప్పుడే పొడుగు కడ్డీని నిలువుగా పట్టవచ్చును. ఎత్తును కొలుచుటకు టేపు అక్కరలేదు. గడ్డము క్రింద పిడికిలి ఆనించి నిలిచినప్పుడు మోచేయి దవడపై భాగమును తాకవలెను. మామయ్యకు సరిపోయినది నాకు రెండంగుళములు తక్కువయినది. పని ఆయనది గనుక ఆయన కొలతయే ఉంచినాము.

పూత నిండుగా వచ్చునాటికి పందిరి ముందు స్ప్రేయర్లు వరుసగా చేరినవి. వాటికన్న ముందు మామయ్య, నేను హ్యాండిలుకు తొడిగిన ఆ గొట్టమునే వైసులో బిగించి, నాలుగు ముక్కలుగా కోసి, దోటి చిక్కములకు పిడులుగా వేసినారు.