యూనిట్ - 9: అద్దె సైకిల్‌పై ఫియార్డు లోయలు - నార్వేలోని రల్లార్‌వేగెన్

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మంచు చెక్కిన లోయ
9.3 కూలీల దారి, సైకిల్ దారి
9.4 ప్రయాణ క్రమం
9.5 అద్దె సైకిల్ ఎలా పనిచేస్తుంది?
9.6 దిగుడులో జాగ్రత్తలు
9.7 లోయ ఎంత భరించగలదు?
9.8 సారాంశం
9.9 కీలక పదాలు
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:

- ఫియార్డు ఎలా ఏర్పడుతుందో, నది కోసిన లోయకూ దానికీ ఉన్న తేడా ఏమిటో వివరించగలుగుతారు.
- రైలుమార్గ నిర్మాణం కోసం వేసిన ఒక దారి సైకిల్ విహార మార్గంగా ఎలా మారిందో చెప్పగలుగుతారు.
- ఒక చోట తీసుకొని మరో చోట అప్పగించే అద్దె సైకిల్ పద్ధతిని విశ్లేషించగలుగుతారు.
- ఒక లోయ ఎంతమంది సందర్శకులను భరించగలదనే ప్రశ్నను ఉదాహరణతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

సందర్శకులు కూర్చొని చూడటంతో సరిపెట్టుకోకుండా, నడిచి, సైకిల్ తొక్కి, పడవ నడిపి ఒక ప్రదేశాన్ని తెలుసుకొనే విహారాన్ని క్రియాశీల పర్యాటకం అంటారని గత యూనిట్‌లో చదివారు. ఈ యూనిట్‌లో దానికి ఒక ఉదాహరణను వివరంగా పరిశీలిద్దాం.

దక్షిణ నార్వేలో హౌగస్తోల్ అనే రైల్వే స్టేషను ఉంది. అక్కడ మొదలైన ఒక మట్టిదారి చెట్లు కూడా పెరగని ఎత్తైన పీఠభూమి మీదుగా సాగి, సుమారు 80 కి.మీ. తరవాత ఔర్లాండ్ ఫియార్డు ఒడ్డున ఉన్న ఫ్లోమ్ గ్రామంలో ముగుస్తుంది. దీని పేరు రల్లార్‌వేగెన్. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ దారి మంచు కింద ఉంటుంది. మధ్యలో వచ్చే ఫిన్సె అనే చోటికి కారులో వెళ్ళే దారే లేదు. అయినా వేసవిలో మామూలు మనుషులు అద్దె సైకిళ్ళ మీద ఈ దారిని పూర్తి చేస్తున్నారు. అది ఎలా సాధ్యమవుతోంది? నేల స్వరూపం, రైలు, అద్దె పద్ధతి, యాత్రికుడి వివేకం అనే నాలుగూ ఒకదానికొకటి తోడైనందువల్లనే. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఈ విహారం నిలవదు. ఈ యూనిట్‌లో మీరు గ్రహించవలసిన ప్రధాన విషయం ఇదే.

9.2 మంచు చెక్కిన లోయ

మీ అట్లాసులో నార్వే పశ్చిమ తీరాన్ని చూడండి. తీరరేఖ చిరిగిన గుడ్డ అంచులా కనిపిస్తుంది. ఆ చిరుగుల్లోకి చొరబడిన సముద్రపు పాయలే ఫియార్డులు. వాటిలో అన్నిటికంటే పొడవైనది, లోతైనది సోగ్నె ఫియార్డు. ఇది సముద్రం నుంచి దేశం లోపలికి 200 కి.మీ.కి పైగా సాగుతుంది. దీని గరిష్ఠ లోతు 1,300 మీటర్లకు మించి ఉంటుంది. మన దారి చేరే ఔర్లాండ్ ఫియార్డు దీని శాఖే.

నది కోసిన లోయతో పోల్చి చూస్తే ఫియార్డు స్వరూపం తేలికగా అర్థమవుతుంది. పాపికొండల దగ్గర గోదావరి తూర్పు కనుమలను కోసుకొంటూ పోవడం మీలో కొందరు చూసే ఉంటారు. నది ముఖ్యంగా తన అడుగును కోస్తుంది. పక్క గట్లు వానకు కరిగి, రాళ్ళు రాలి, ఏటవాలుగా మారతాయి. అందువల్ల నదీలోయ సాధారణంగా 'వి' ఆకారంలో ఉంటుంది. హిమానీనదం పని వేరు. అది లోయనంతా నిండుగా ఆక్రమించి కదులుతుంది. తన అడుగున ఇరుక్కొన్న రాళ్ళతో నేలనూ, రెండు పక్కలనూ ఆకురాయిలా రాపాడిస్తుంది. దానితో అడుగు వెడల్పుగా, గోడలు నిటారుగా 'యు' ఆకారపు లోయ ఏర్పడుతుంది. సుమారు 11,700 సంవత్సరాల కింద చివరి మంచుయుగం ముగిసి మంచు వెనక్కు తగ్గింది. అది వదిలిన లోయల్లోకి సముద్రం వచ్చి చేరింది.

ఇక్కడ రెండు విశేషాలు గుర్తుంచుకోండి.

(అ) గడప: ఫియార్డు లోపల ఎంతో లోతుగా ఉన్నా, సముద్రంలో కలిసే చోట లోతు తక్కువ. సోగ్నె ఫియార్డు ముఖద్వారం దగ్గర లోతు 200 మీటర్ల లోపే. తీరాన్ని చేరేసరికి మంచు పరుచుకొని పలచబడి, కోసే బలాన్ని కోల్పోవడమే దీనికి కారణం. ఇంటి గడపలా అడ్డంగా ఉండే ఈ ఎత్తును గడప అనే పిలుస్తారు.

(ఆ) వేలాడే లోయ: పెద్ద హిమానీనదం తన లోయను లోతుగా చెక్కింది. దానిలో కలిసే చిన్న హిమానీనదాలు అంత లోతు చెక్కలేకపోయాయి. మంచు కరిగాక చిన్న లోయల నోళ్ళు పెద్ద లోయ గోడ మీద ఎత్తున నిలిచిపోయాయి. ఫ్లోమ్ లోయలో రెండు పక్కలా దూకే జలపాతాలు ఇలాంటి చోట్ల నుంచి వచ్చేవే. రైలు కిటికీలో ఇవి క్షణంలో దాటిపోతాయి. సైకిల్ మీద వెళ్ళేవారికి ఆగి, తల ఎత్తి, పాఠంలో చదివినదాన్ని నేల మీద సరిచూసుకొనే వీలుంటుంది.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1*
గమనిక: మీ సమాధానాన్ని విడిగా రాసుకొని, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
ఫియార్డు ముఖద్వారం దగ్గర లోతు ఎందుకు తగ్గుతుంది?

9.3 కూలీల దారి, సైకిల్ దారి

నార్వేజియన్ భాషలో 'రల్లార్' అంటే రైలుమార్గాలు, రోడ్లు వేస్తూ పని ఉన్న చోటికల్లా తరలిపోయే కూలి. 'వేగెన్' అంటే దారి. రాజధాని ఓస్లోనూ పశ్చిమ తీరంలోని బెర్గెన్‌నూ కలిపే రైలుమార్గం వేయడానికి ముందుగా సామగ్రిని కొండల మీదికి చేర్చవలసి వచ్చింది. అందుకోసం 1895-1902 మధ్య ఈ దారిని నిర్మించారు. పడవలు ఫియార్డు ఒడ్డున దించిన సరుకును గుర్రాలు ఈ దారినే పైకి లాగేవి. మిర్దాల్ దగ్గర గ్రావ్‌హాల్స్ అనే కొండను తొలిచి 5,311 మీటర్ల సొరంగం తీశారు. బెర్గెన్ రైలుమార్గం 1909లో ప్రారంభమైంది.

దారి వాలును గమనించండి. బరువు లాగే గుర్రం నిట్టనిలువు గట్టు ఎక్కలేదు. కాబట్టి కొండ మరీ నిటారుగా ఉన్న చోట దారిని ఒక్కసారిగా ఎక్కించకుండా మలుపులు తిప్పుతూ తీసుకుపోయారు. మిర్దాల్ కింద ఇలాంటి హెయిర్‌పిన్ మలుపులు 21 ఉన్నాయి. గుర్రం కోసం చూసుకొన్న వాలే ఇవాళ సైకిల్‌కు అక్కరకు వస్తోంది. 1974లో దీన్ని సైకిల్ మార్గంగా తెరిచారు. విహారం కోసం కొత్తగా కొండ తొలవలేదు. కూలీలు వదిలి వెళ్ళిన దారికి కొత్త ప్రయోజనం దొరికింది, అంతే. మీరు ఈ దారిలో వెళ్తే, చక్రం కింద నలిగే ప్రతి రాయినీ ఒకప్పుడు ఎవరో చేత్తో పేర్చారని మరచిపోకండి.

మిర్దాల్ నుంచి ఫ్లోమ్‌కు దిగే శాఖా రైలుమార్గం 1940లో మొదలైంది. దీని పొడవు సుమారు 20 కి.మీ.; సొరంగాలు 20. అత్యధిక వాలు ప్రతి వెయ్యి మీటర్లకు 55 మీటర్లు. సైకిల్‌తో దిగలేనివారికి ఈ రైలే ఆసరా.

9.4 ప్రయాణ క్రమం

దారిని నాలుగు భాగాలుగా చూడవచ్చు. దూరాలన్నీ సుమారుగా ఇచ్చినవి.

1. హౌగస్తోల్ (990 మీ.) నుంచి ఫిన్సె (1,222 మీ.): 27 కి.మీ.
2. ఫిన్సె నుంచి హాలింగ్‌షైద్: 21 కి.మీ. దారి మొత్తంలో ఎత్తైన చోటు ఫాగర్‌వాత్న్ (1,343 మీ.) ఈ భాగంలోనే ఉంది.
3. హాలింగ్‌షైద్ నుంచి మిర్దాల్ (867 మీ.): 15 కి.మీ.
4. మిర్దాల్ నుంచి ఫ్లోమ్ (సముద్రమట్టం): 18 కి.మీ.

అంకెలను బట్టి చూస్తే ఎక్కవలసింది 350 మీటర్లు, దిగవలసింది 1,300 మీటర్లకు పైగా. కనుక ప్రయాణం సులువేనని మీకు అనిపించవచ్చు. ఈ లెక్క రెండు కొసల ఎత్తునే చెబుతుంది. మధ్యలో దారి ఎన్నోసార్లు ఎక్కి దిగుతుంది. గాలి ఎక్కువగా పశ్చిమం నుంచి, అంటే ఎదురుగా వీస్తుంది. కంకర చక్రం కింద జారుతుంది. ఫాగర్‌వాత్న్ దగ్గర జూలైలో కూడా మంచు మేటలు మిగిలి ఉంటాయి. అక్కడ సైకిల్ దిగి తోసుకొంటూ నడవాలి. సాధారణంగా జూలై మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా ఈ దారికి అనువైన కాలం. ఆ రోజుల్లోనూ చలి, వాన ఒకే పూటలో రావచ్చు. అందుకే తొలిరోజు ఫిన్సె చేరి, రెండో రోజు ఫ్లోమ్‌కు దిగడం చాలామందికి వీలైన పద్ధతి.

ఫిన్సె స్టేషను నార్వే రైలుమార్గాలన్నిటిలోనూ ఎత్తైనది. ఎదురుగా హార్డాంగర్ హిమఫలకం కనిపిస్తుంది. మీరు 9.2లో చదివిన మంచు కోత ఇక్కడ ఇంకా సాగుతూనే ఉంది. ఇక్కడ బస చేసే చోట్లు కొన్నే. సరుకంతా రైల్లో రావలసిందే. కాబట్టి ముందుగా బస ఖాయం చేసుకోకుండా బయలుదేరకూడదు. 1868లో ఏర్పడిన నార్వే పర్వత విహార సంఘం ఈ దారి వెంట యాత్రికుల కోసం విడిది గృహాలు నడుపుతోంది.

9.5 అద్దె సైకిల్ ఎలా పనిచేస్తుంది?

మన ఊళ్ళలో గంటకు ఇంత అని సైకిల్ అద్దెకిచ్చే షాపులు మీకు గుర్తుండవచ్చు. అక్కడ తీసుకొన్న సైకిల్‌ను మళ్ళీ ఆ షాపుకే తెచ్చివ్వాలి. రల్లార్‌వేగెన్ మీద ఆ పద్ధతి పనికిరాదు. ఫ్లోమ్‌కు దిగినవారు 1,300 మీటర్లు తిరిగి ఎక్కి సైకిల్ అప్పగించడం జరిగే పని కాదు. అందుకని హౌగస్తోల్‌లో గానీ, ఫిన్సెలో గానీ తీసుకొన్న సైకిల్‌ను ఫ్లోమ్‌లో అప్పగించే ఏర్పాటు ఉంది. సైకిళ్ళను తిరిగి పైకి చేర్చే బాధ్యత అద్దెకిచ్చినవారిదే. ఆ ఖర్చు అద్దెలో కలిసి ఉంటుంది.

ఈ ఏర్పాటు వల్ల యాత్రికుడికి మూడు మేళ్ళు కలుగుతాయి. మొదటిది, సొంత సైకిల్‌ను రైల్లో తీసుకుపోవలసిన అవసరం ఉండదు; రైళ్ళలో సైకిళ్ళకు చోటు పరిమితం. రెండోది, కంకర దారికి తగిన వెడల్పు టైర్లు, తగిన గేర్లు ఉన్న సైకిల్ దొరుకుతుంది. మూడోది, ఏ చోట మంచు మిగిలి ఉందో, ఏ భాగం మూసి ఉందో అద్దెకిచ్చేవారికి ఆ రోజుకారోజు తెలుస్తుంది. ఈ మూడో మేలు చాలామంది గుర్తించనిది. సైకిల్ తీసుకొనేటప్పుడు దారి సంగతి అడగడం మరచిపోకండి.

బయలుదేరే ముందు అక్కడే నిలబడి ఇవి చూసుకోండి: ముందు, వెనక బ్రేకులు విడివిడిగా పడుతున్నాయా? సీటు ఎత్తు సరిపోయిందా? గేర్లు జారకుండా మారుతున్నాయా? హెల్మెట్, గాలిపంపు, పంక్చర్ సామాను ఇచ్చారా? దారి మధ్యలో రిపేరు షాపు ఉండదు.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2*
ఒక చోట తీసుకొని మరో చోట అప్పగించే పద్ధతి ఈ మార్గానికి ఎందుకు తప్పనిసరి?

9.6 దిగుడులో జాగ్రత్తలు

ఎక్కేటప్పుడు అలసట వస్తుంది. ప్రమాదం దిగేటప్పుడు పొంచి ఉంటుంది. ఒక చిన్న లెక్క చేద్దాం. మనిషి, సైకిల్, సామాను కలిపి 95 కిలోలు అనుకోండి. మిర్దాల్ నుంచి ఫ్లోమ్ దాకా దిగే ఎత్తు సుమారు 865 మీటర్లు. విడుదలయ్యే స్థితిజ శక్తి 95 × 9.8 × 865, అంటే దాదాపు 8 లక్షల జౌళ్ళు. రెండు లీటర్లకు పైగా మామూలు నీటిని మరిగించడానికి ఆ శక్తి చాలు. ఇందులో కొంత గాలి, టైర్ల రాపిడి వల్ల ఖర్చవుతుంది. నిటారు మలుపుల్లో మెల్లగా దిగుతున్నప్పుడు మాత్రం చాలా భాగం బ్రేకుల మీదే వేడిగా పడుతుంది.

బ్రేకును అదేపనిగా నొక్కి పట్టుకొంటే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాబట్టి రెండు బ్రేకులూ వాడుతూ, కొద్దిసేపు నొక్కి వదులుతూ దిగాలి. మధ్యమధ్య ఆగి చల్లబడనివ్వాలి. మిర్దాల్ కింది 21 మలుపుల దగ్గర కంకర వదులుగా ఉంటుంది. ఎదురుగా నడిచి వచ్చేవారూ ఉంటారు. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుపోవడమే మేలు. దిగి నడవడం చేతకానితనం కాదు. ఎక్కడ దిగాలో తెలియడం కూడా సైకిల్ తొక్కడంలో భాగమే.

9.7 లోయ ఎంత భరించగలదు?

ఫ్లోమ్ కొన్ని వందలమంది నివసించే గ్రామం. వేసవిలో దాని రేవుకు వచ్చే ఒక పెద్ద విహార నౌక ఊరి జనాభాకు ఎన్నో రెట్ల మందిని ఒకే పూట దించుతుంది. పొరుగున ఉన్న నేరోయ్ ఫియార్డు 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇరుకైన చోట దాని వెడల్పు 250 మీటర్లే. నిటారు గోడల మధ్య నౌకల పొగ తొందరగా చెదరదు. అందువల్ల వారసత్వ ఫియార్డుల్లో 2026 నాటికి నౌకలు కాలుష్యం లేకుండా నడవాలని నార్వే పార్లమెంటు 2018లో తీర్మానించింది. తరవాత పెద్ద నౌకలకు 2032 దాకా గడువు ఇచ్చారు. లోయ ఆరోగ్యానికీ ఊరి ఆదాయానికీ మధ్య పెనుగులాట ఇంకా ముగియలేదని ఈ గడువే చెబుతోంది.

సైకిల్ యాత్రికుడు పొగ వదలడు, రాత్రి ఆగుతాడు, భోజనం, బస అక్కడే కొంటాడు. అయినా అతని వల్ల నష్టమేమీ లేదనుకోవడం పొరపాటు. బురదను తప్పించుకోవడానికి దారి పక్కకు దిగిన చక్రం, ఎత్తైన నేలలో ఎన్నో ఏళ్ళకు గానీ కోలుకోని నాచును తొక్కేస్తుంది. ఒక్కొక్కరు తొక్కగా తొక్కగా దారి వెడల్పవుతుంది.

నార్వేలో సాగులో లేని నేల మీద ఎవరైనా నడవవచ్చు, గుడారం వేసుకోవచ్చు. 1957 నాటి బహిరంగ విహార చట్టం ఈ ప్రజాహక్కును నిర్ధారించింది. దానితోపాటు బాధ్యతలూ ఉన్నాయి. గుడారం నివాస గృహానికి 150 మీటర్ల దూరంలోపు వేయకూడదు. చెత్త వెంట తెచ్చుకోవాలి. మేకలు, గొర్రెలు మేసే చోట తెరిచిన గేటును మళ్ళీ మూయాలి. హక్కు నిలిచేది ఈ చిన్న పనుల మీదే.

9.8 సారాంశం

మంచు చెక్కిన 'యు' ఆకారపు లోయలోకి సముద్రం చేరితే ఫియార్డు ఏర్పడుతుంది. అలాంటి లోయకు సామగ్రి మోయడానికి 1895-1902 మధ్య కూలీలు వేసిన దారి, 1974 నుంచి సైకిల్ మార్గమైంది. రైలు, ఒకవైపు అద్దె పద్ధతి దాన్ని మామూలు యాత్రికుడికి అందుబాటులోకి తెచ్చాయి. కాలం ఎంచుకోవడం, బ్రేకులు కాపాడుకోవడం, దిగవలసిన చోట దిగడం, దారి దాటి తొక్కకపోవడం యాత్రికుడి వంతు.

9.9 కీలక పదాలు

ఫియార్డు: హిమానీనదం చెక్కగా సముద్రం చేరిన లోయ.
గడప: ఫియార్డు ముఖద్వారం దగ్గర నీటి కింద ఉండే ఎత్తైన భాగం.
వేలాడే లోయ: ప్రధాన లోయ గోడ మీద ఎత్తున తెరుచుకొనే ఉపలోయ.
భరణ సామర్థ్యం: ఒక ప్రదేశం చెడిపోకుండా తట్టుకోగల సందర్శకుల పరిమితి.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. తీరం దగ్గర హిమానీనదం పరుచుకొని పలచబడటంతో కోసే బలం తగ్గుతుంది. అందువల్ల అక్కడ అడుగు ఎత్తుగా మిగిలిపోతుంది.
2. మార్గం ఎత్తైన పీఠభూమి నుంచి సముద్రమట్టానికి దిగుతుంది. యాత్రికుడు సైకిల్‌ను తిరిగి పైకి తేలేడు కాబట్టి అప్పగింత కింద జరిగి, సైకిళ్ళు తిరిగి పైకి చేరే ఏర్పాటు ఉండాలి.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రల్లార్‌వేగెన్ విహార మార్గంగా నిలదొక్కుకోవడానికి తోడ్పడిన అంశాలను వివరించండి.
2. ఫ్లోమ్ ఉదాహరణతో భరణ సామర్థ్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నదీలోయకూ హిమానీనద లోయకూ మధ్య భేదాలను రాయండి.
2. మీ ప్రాంతంలో వాడుక తగ్గిన కాలువ గట్టు గానీ, పాత రైలు కట్ట గానీ ఉందేమో పరిశీలించండి. దాన్ని సైకిల్ దారిగా మార్చాలంటే ఏమేమి సమకూర్చాలో, దానివల్ల అక్కడివారికి కలిగే మేలు, కీడు ఏమిటో రాయండి.