పసిచేతి బొమ్మలు

తల్లిదండ్రులు పనికి పోయినపుడు ఇంటనున్న పసిపిల్లలను కనిపెట్టుకొనియుండు భారము తరచుగా అక్కలమీదను, అన్నలమీదను పడుచుండును. పసివాడు ఏడ్వకుండ చూచిన చాలునని పలువురు తలంతురు. కాని ఆ సమయమున వానితో కూడి బొమ్మలు చేసినచో ప్రొద్దు సుఖముగా గడచుటయే గాక వాని బుద్ధియు వికసించును. అయితే అందుకొక మెలకువ కావలెను.

ఒక యింట నాలుగేండ్ల బాలుడు పలకమీద ఎద్దు బొమ్మ వేసెను. దాని కన్నులు రెండును ఒకే వైపున నుండెను. అక్క నవ్వి, దానిని తుడిచివేసి, చక్కని యెద్దును తానే గీసి చూపెను. ఆమె ఉద్దేశము మంచిదే. కాని తమ్ముడు బలపము క్రింద పెట్టి, “అక్కా! నాకు రాదు. నీవే వేయుము” అనెను. మూడు దినములు వాడు పలకను ముట్టనే లేదు.

వాని బొమ్మ నిజముగా తప్పా? ఫ్రాన్సు దేశపు పండితుడు లూకే పసివారి చిత్రములను పరిశీలించి 1927లో ఒక గ్రంథమును ప్రకటించెను. పసివాడు కంటికి కనబడినదానిని గాక తనకు తెలిసినదానిని గీయునని ఆయన వివరించెను. ఎద్దునకు కన్నులు రెండని తెలియును గనుక వాడు రెండును వేయును. ఇంటిలో అమ్మ యున్నదని తెలియును గనుక గోడ కావలనున్న అమ్మను గూడ చూపును. రెండేండ్ల లోపు పిచ్చిగీతలు, మూడేండ్లకు సున్నలు, నాలుగేండ్లకు సున్నకే కాళ్లు తగిలించిన మనుష్యులు - ఇది సాధారణమైన వరుస. ఇవి తప్పులు కావు, మెట్లు.

వియన్నా నగరమున ఫ్రాంజ్ చిజెక్ అను చిత్రకారుడు 1897లో పిల్లలకై చిత్రకళా తరగతిని నెలకొల్పెను. పెద్దల చిత్రములకు నకళ్లు తీయింపక, పిల్లల యూహలనుండియే బొమ్మలు వేయించుట ఆయన పద్ధతి.

నాలుగవనాడు అక్క చెరువుమట్టి తెచ్చి, రాళ్లేరి, నీరు చిలుకరించి, చేతికి అంటనంతవరకు పిసికెను. సగము తమ్మునికిచ్చి, తనపాటికి తాను ఉండలు చేయసాగెను. అతుకులను తడిచేసి ఒత్తవలెననియు, బొమ్మను నీడలో ఆరబెట్టనిచో బీటలు వారుననియు మాత్రము చెప్పెను. కన్నులకు గురువింద గింజలు అందముగా నుండును. కాని నమిలినచో అవి ప్రాణాంతకమైన విషము. కావున వానిని దూరముగా నుంచి, పుల్లతో గుంటలు పెట్టుటకు నేర్పెను.

కొంతసేపటికి తమ్ముడొక యెద్దును ముందుంచెను. దానికి అయిదు కాళ్లుండెను! అక్క నవ్వలేదు, దిద్దలేదు. “దీనిని గూర్చి చెప్పుము” అనెను.

“నాలుగును కాళ్లు. అయిదవది తోక. ఎద్దు పడిపోకుండ నేలకు ఆనించితిని” అని వాడు బదులు చెప్పెను.

ఆమె చేసిన యెద్దు ప్రక్కకు ఒరిగియుండెను. తమ్ముని యెద్దు నిలిచియుండెను. ఆమెయు తన యెద్దు తోకను నేలకు ఆనించెను.

సాయంకాలము తల్లి వచ్చినపుడు రెండెద్దులును గూటిలో ప్రక్కప్రక్కన నిలిచియుండెను. పసివానికి పెద్దలు ఇయ్యవలసినది మన్నును, సమయమును, వినెడి చెవియును. బొమ్మ వాడే చేసికొనును.