విమానం ముక్కులో వాన కన్ను

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చున్నవాళ్లకు వాన పెద్ద తలనొప్పి. శత్రు విమానం కోసం వెతుకుతుంటే తెర మీద మచ్చలు పరుచుకునేవి. వాటి వెనకాల విమానం ఉన్నా దొరికేది కాదు. ఆ మచ్చలు వాన జల్లులని తేలింది. వాటిని తుడిచేయడానికి ఇంజనీర్లు తంటాలు పడుతుంటే, తమకు కావలసింది ఆ మచ్చలేనన్నారు వాతావరణ శాస్త్రవేత్తలు. ఇవాళ పెద్ద ప్రయాణికుల విమానాల ముక్కుల్లో అటూఇటూ ఊగుతూ పనిచేసే వాతావరణ రాడార్ ఆ మచ్చల్లోంచి పుట్టిందే.

చినుకు రాడార్‌కు చిక్కడానికి కారణం, 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ పనిచేయించి చూపిన క్యావిటీ మాగ్నెట్రాన్. అంతకుముందరి రాడార్ల తరంగాలు మీటర్ల పొడవు. వాటికి చినుకు ఆనేది కాదు. ఈ చిన్న పరికరం పది సెంటీమీటర్ల తరంగాలను మంచి బలంతో పుట్టించింది. తరంగం పొట్టిదైతే యాంటెన్నా కూడా చిన్నది చాలు. అలా రాడార్ విమానం ఎక్కింది.

చినుకు తిప్పిపంపే సంకేతం బలం దాని వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వ్యాసం రెట్టింపైతే సంకేతం 64 రెట్లు. తుంపర తెర మీద ఆనవాలైనా వదలదు, కుంభవృష్టి మెరిసిపోతుంది. అంత లావు చినుకులు తయారుకావాలంటే వాటిని పైకి ఎత్తి నిలిపే బలమైన గాలి కావాలి. అందుకని లావు చినుకులున్న చోట ప్రమాదకరమైన గాలి ఉంటుందని పైలట్ ఊహిస్తాడు. గమనించండి, అది ఊహ మాత్రమే. మామూలు వాతావరణ రాడార్ మేఘాన్ని చూడదు, మెరుపును చూడదు. నీళ్లను చూస్తుంది. ఈ యంత్రం జీవితమంతా ఆ ఒక్క సంగతిని మనుషులు నేర్చుకుంటూ వచ్చిన కథేనని నేను అనుకుంటాను. కొన్నిసార్లు ఆ పాఠానికి ప్రాణాలే వెలగా చెల్లించాల్సి వచ్చింది.

1950ల్లో విమాన సంస్థల మధ్య ఒక చర్చ నడిచింది. మూడు సెంటీమీటర్ల తరంగమైతే బొమ్మ స్పష్టంగా వస్తుంది కానీ, భారీ వానలో దాని బలం దారిలోనే హరించుకుపోతుంది. అయిదున్నర సెంటీమీటర్లదైతే మరింత లోపలికి చొచ్చుకుపోతుంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 1953లో ఒక డీసీ-3 విమానంలో రెండోదాన్ని పరీక్షించి దానికే మొగ్గింది. కాలక్రమంలో మాత్రం మూడు సెంటీమీటర్లదే గెలిచింది. విమానం ముక్కులో చోటు తక్కువ, చిన్న యాంటెన్నాతో సన్నని కిరణం కావాలంటే పొట్టి తరంగమే దిక్కు. మచిలీపట్నం, విశాఖపట్నంలలో తుపానులను కనిపెట్టే మన వాతావరణ శాఖ రాడార్లు పది సెంటీమీటర్ల తరంగాన్నే వాడతాయి. వానలో అది పెద్దగా నష్టపోదు. అయితే దాని యాంటెన్నా ఎనిమిది మీటర్ల పైమాటే, భవనం మీద కూర్చోవాల్సిందే.

ఆ ఎంపికలోని లోపం 1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బయటపడింది. సదరన్ ఎయిర్‌వేస్ 242 అనే డీసీ-9 విమానం హంట్స్‌విల్ నుంచి అట్లాంటా వెళుతోంది. ఎదురుగా తీవ్రమైన తుపాను మేఘాల వరుస. తెర మీద సందులా కనిపించిన చోటు నిజానికి సందు కాదు. ముందున్న వాన తరంగాల బలాన్నంతా మింగేస్తే వెనకాల ఉన్నది తెర మీద నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. విపరీతమైన వాన, వడగళ్లు మింగి రెండు ఇంజన్లూ చచ్చిపోయాయి. న్యూ హోప్ అనే ఊళ్లో రహదారి మీద దిగబోయి విమానం ముక్కలైంది. 72 మంది పోయారు. తుపానులోంచి దారి వెతుక్కోవడానికి సిబ్బంది విమాన రాడార్ మీద ఆధారపడడాన్ని దర్యాప్తు సంస్థ ప్రమాద కారణాల్లో చేర్చింది. తుపానును తప్పించుకోవడానికే ఈ రాడార్ పనికొస్తుంది, దూరిపోయే సందులు వెతకడానికి కాదు.

మరో తిరకాసు ఎత్తుది. రాడార్ కిరణం టార్చిలైటు వెలుగులా పోనుపోను వెడల్పవుతుంది. మూడున్నర డిగ్రీల కిరణం 185 కిలోమీటర్ల దూరంలో దాదాపు 11 కిలోమీటర్ల మందాన పరుచుకుంటుంది. అందులో ఏ భాగం దేనికి తగిలిందో తెలియాలంటే టిల్ట్ మీటతో యాంటెన్నాను పైకీ కిందికీ వంచి చూడాలి. మన ఉష్ణమండలంలో దాదాపు అయిదు కిలోమీటర్ల ఎత్తు దాటితే నీరు గడ్డకట్టే చలి. విమానం ఎగిరేది పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున. అక్కడ క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘం, తల నిండా పొడి మంచు స్ఫటికాలే. మంచు తిప్పిపంపే సంకేతం అదే పరిమాణపు నీటితో పోలిస్తే అయిదో వంతు. తిన్నగా ముందుకు చూసే రాడార్‌కు ఆ తల సరిగా కనిపించకపోవచ్చు. కిరణాన్ని కిందికి వంచి, మేఘం తడిగా ఉన్న నడుమును చూడాలి.

2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం కూలి 228 మంది చనిపోయారు. మంచు స్ఫటికాలు వేగం కొలిచే పిటో గొట్టాలను మూసేశాయి, ఆ తర్వాత విమానం స్టాల్‌లో, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోయే స్థితిలో, పడింది, సిబ్బంది దాన్ని బయటికి తేలేకపోయారు. ఆ ప్రమాదాన్ని రాడార్ మీదికి నెట్టలేం. కానీ అదే దారిలో వెనకాల వచ్చిన మరో విమానం సిబ్బంది చెప్పిన మాట ఆలోచింపజేస్తుంది. రాడార్ గెయిన్‌ను, అంటే తిరిగొచ్చిన సంకేతాన్ని పెంచి చూపే మోతాదును, మామూలు స్థాయి నుంచి గరిష్ఠానికి మార్చగానే తెర మీది బొమ్మ బాగా మారిపోయిందట. వాళ్లు చుట్టూ తిరిగి వెళ్లారు.

గాలిని నేరుగా పసిగట్టే కాలం డాప్లర్ పద్ధతితో వచ్చింది. చినుకులు ఎంత వేగంతో దగ్గరికొస్తున్నాయో, దూరమవుతున్నాయో అది కొలుస్తుంది. 1985 ఆగస్టు 2న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో దిగబోతున్న డెల్టా 191 విమానాన్ని మైక్రోబర్స్ట్, అంటే మేఘం నుంచి కుమ్మరించినట్టు కిందికి దూకే గాలి, నేలకు కొట్టింది. 137 మంది మరణించారు. ఆ తర్వాత నాసా, అమెరికా విమానయాన శాఖ కలిసి పరిశోధనకు దిగాయి. బోయింగ్ తయారుచేసిన మొట్టమొదటి 737నే ప్రయోగశాలగా మార్చి, ఒర్లాండో, డెన్వర్ పరిసరాల్లో మైక్రోబర్స్ట్‌లను వెతికి మరీ వాటిలోకి నడిపారు. నాకు ఈ కథలో అందరికన్నా గౌరవం ఆ సిబ్బంది మీదే. 1994లో ముందుగానే హెచ్చరించే రాడార్‌కు ధ్రువీకరణ దక్కింది. అది ఇచ్చే వ్యవధి కొన్ని పదుల సెకన్లే అయినా, ఇంజన్లకు పూర్తి బలమిచ్చి పైకి లేవడానికి సరిపోతుంది.

ఇంత సంక్లిష్టమైన కంటిని చదవడం ఎక్కడ నేర్చుకోవాలి? నిజం తుపాను దగ్గరికి శిష్యుణ్ని తీసుకెళ్లలేం. యుద్ధకాలంలో బ్రిటన్ రాడార్ పరిశోధకులు, నేలను చూపించే బాంబర్ రాడార్ శిక్షణ కోసం ఒక అద్భుతం చేశారు. నీళ్ల తొట్టి అడుగున ఇసుక, గాజుపూసలతో ఊళ్లూ నేలా తీర్చి, పైనుంచి అతిధ్వని తరంగాలు పంపారు. నీటిలో ధ్వని వేగం రేడియో తరంగం వేగంలో సుమారు రెండు లక్షలో వంతు. కాబట్టి తొట్టిలో అయిదు మిల్లీమీటర్లు ఆకాశంలో కిలోమీటరుతో సమానం. తెర మీద వచ్చేది గీసిన బొమ్మ కాదు, నిజంగా వెళ్లి తిరిగొచ్చిన సంకేతం. అందుకే నీడలూ మసకలూ కూడా వాటంతటవే వచ్చేవి.

ఇప్పటి కంప్యూటర్ సిమ్యులేటర్‌లో ఆ నీడలనూ మసకలనూ పనిగట్టుకుని లెక్కగట్టాలి. ఏ ఎత్తున ఎంత నీరు, ఎంత మంచు ఉందో, కిరణం ఎంత వెడల్పో, దారిలో ఎంత బలం పోయిందో అన్నీ. ఆ లెక్క ఎగ్గొట్టి వాన పటాన్ని రంగుల్లో చూపిస్తే, తుపాను వెనక నీడ ఉండదు, టిల్ట్ తిప్పినా ఏమీ మారదు. అలాంటి తెర మీద నేర్చుకున్నవాడికి నలుపు అంటే ఖాళీ ఆకాశమనే నమ్మకం నాటుకుంటుంది. తుపానును దాచడం కూడా తెలిసినదే మంచి సిమ్యులేటర్.

ఇంట్లో సిమ్యులేటర్ నడిపే పిల్లలకు నా మనవి: తుపాను ఎదురుగా ఉన్నప్పుడు టిల్ట్, గెయిన్ మార్చి చూడండి. బొమ్మ మారకపోతే అది వాన పటమేగాని రాడార్ కాదని గుర్తుంచుకోండి. ప్రయాణికులకూ ఒక మాట. ఎంత కొత్త రాడార్ అయినా చినుకులేని నిర్మలాకాశంలో వచ్చే కుదుపును చూడలేదు. సీట్‌బెల్ట్ దీపం ఆరిపోయినా, కూర్చున్నంతసేపూ బెల్ట్ పెట్టుకునే ఉండండి.