రెండు గదులు ఒకటైనప్పుడు రెండు మీటర్లు ఉండవచ్చునా?

పాల సేకరణ పెరిగిన సంఘాలు బల్క్ కూలర్ పెట్టుకోవడానికి పక్క దుకాణపు గదిని కూడా తీసుకుని, మధ్య గోడ తొలగించడం జరుగుతూ ఉంటుంది. గోడ పోతుంది గాని, గదికొకటి చొప్పున రెండు మీటర్లు అలాగే మిగిలిపోతాయి. "రెండుంటే మంచిదే, లోడు పంచుకుంటాయి" అనుకోవడం పొరపాటు. ఇందులో ప్రాణాపాయమూ ఉన్నది, ధన నష్టమూ ఉన్నది.

ప్రమాదం ఎక్కడ?

మరమ్మతుకు వచ్చిన మనిషి ఒక మెయిన్ స్విచ్ ఆపి, గదిలో కరెంటు లేదనుకుంటాడు. రెండవ సర్వీసు తీగలలో కరెంటు ఉంటూనే ఉంటుంది. రెండు సర్వీసులూ వేర్వేరు ఫేజులవైతే, వాటి ఫేజు తీగల మధ్య 230 కాక, సుమారు 400 వోల్టులు ఉంటుంది. సేకరణ గదిలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. క్యాన్లు, కూలరు అన్నీ లోహమే. ఈ సంగతి మరువరాదు.

మీటరు లెక్క

వైరింగ్ కలిపేటప్పుడు రెండు సర్వీసుల న్యూట్రల్ తీగలను ఒకటిగా ముడివేస్తారు. అప్పుడు ఒక మీటరు గుండా వచ్చిన కరెంటు మరొక మీటరు గుండా తిరిగిపోతుంది. నేటి ఎలక్ట్రానిక్ సింగిల్ ఫేజు మీటర్లు చాలావరకు ఫేజు, న్యూట్రల్ రెండింటిలో ఏది ఎక్కువైతే దానినే లెక్కగడతాయి. కనుక వాడని యూనిట్లకు బిల్లు రావచ్చును. షాకు నివారణ బ్రేకరు ఉంటే అది మాటిమాటికీ పడిపోతుంది.

అంతేగాక, ఒకే ఆవరణలో ఒకే సంస్థ తన వాడకాన్ని వేర్వేరు సర్వీసులుగా విడదీసుకున్నట్లు తేలితే, నోటీసు ఇచ్చి మొత్తాన్ని ఒకే సర్వీసుగా లెక్కించే అధికారం మన రాష్ట్రాల విద్యుత్ సరఫరా నిబంధనలలో ఉన్నది.

లోడు ఎంత?

ఒక ఉదాహరణ చూద్దాం. 5 హెచ్.పి. కంప్రెసరు 3.73 కిలోవాట్లు, 1 హెచ్.పి. నీటి మోటారు 0.75, దీపాలు, పరీక్ష యంత్రం, కంప్యూటరు కలిపి 1 కిలోవాట్ అనుకుంటే, మొత్తం సుమారు 5.5 కిలోవాట్లు. పాత సర్వీసులు 2, 1 కిలోవాట్లవైతే రెండూ కలిపినా 3 మాత్రమే. పైగా మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఇటువంటి లోడుకు ఒకే త్రీ ఫేజు సర్వీసు తగినది.

సంఘం చేయవలసిన పనులు

1. గోడ తీయకముందే పాలకవర్గంలో తీర్మానం చేసి, భవన యజమాని అంగీకారం వ్రాతపూర్వకంగా తీసుకోవాలి.

2. పక్క గది సర్వీసుపై పాత బకాయి ఉన్నదేమో విద్యుత్ కార్యాలయంలో విచారించాలి.

3. ఒక సర్వీసును త్రీ ఫేజుకు మార్చి లోడు పెంచమని, రెండవది రద్దు చేయమని దరఖాస్తు ఇవ్వాలి. రద్దయిన సర్వీసుకు తుది బిల్లు, డిపాజిట్టు లెక్క అడిగి తీసుకోవాలి.

4. లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే వైరింగ్ చేయించి, మోటారుకు రెండు వేర్వేరు ఎర్తులు ఇప్పించాలి. జనరేటరు ఉంటే ఛేంజోవరు స్విచ్ తప్పనిసరి.

5. మీటరు సీళ్లను విద్యుత్ సిబ్బంది తప్ప మరెవ్వరూ ముట్టరాదు.

మార్పిడి పనికి ఉదయం సేకరణకు, సాయంత్రం సేకరణకు మధ్యనున్న వేళను ముందుగా కోరండి. ఆనాటికి కూలరులో పాలు మిగలకుండా ట్యాంకరు ఏర్పాటు చేసుకున్నట్లయితే, రైతు పాలకు నష్టం రాదు.