తారు పోసేవాడి చేతికి లెక్కలు వస్తే

హైదరాబాద్‌లోగానీ విజయవాడలోగానీ ఏ కాలనీలోనైనా అడిగి చూడండి, కొత్త రోడ్డు ఎన్నాళ్లు నిలిచిందని. ఎన్నికల ముందు హడావిడిగా వేసిన రోడ్డుకు మొదటి గట్టి వానకే కంకర తేలుతుంది. దాని మీద స్కూటర్లు జారతాయి. ఎవరో వచ్చి గుంతల్లో మొరం పోసి తొక్కించి పోతారు. రెండో వానకి అది బురదై డ్రైనేజీలో కలుస్తుంది. ఇంతలో మంచినీళ్ల పైపు కోసం ఒకరు, కేబుల్ కోసం మరొకరు తవ్వుతారు. ఫిర్యాదు చేస్తే మాత్రం జవాబు ఠంచనుగా వస్తుంది, 'మీ సమస్య పరిష్కరించబడింది' అని.

దీన్నంతా అవినీతి అనే ఒక్క మాటలో తేల్చేస్తాం. అవినీతి ఉంది, కాదనను. కానీ లంచం ఒక్కటే ఆపితే రోడ్డు నిలుస్తుందా? రోడ్డు డబ్బు నడిచే దారి చూడండి. టెండర్‌లో అందరికంటే 'లెస్'కి వేసినవాడికి పని దక్కుతుంది. చాలాసార్లు అతను తన వాటా పట్టుకుని సబ్ కాంట్రాక్టర్‌కి అప్పగిస్తాడు. ఆ సబ్ కాంట్రాక్టర్ మేస్త్రీకి గుత్తకిస్తాడు. మేస్త్రీ లేబర్ అడ్డా మీద నుంచో, పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా వైపు నుంచో మనుషుల్ని తెస్తాడు. మెట్టు మెట్టుకీ డబ్బు తరుగుతుంది కాబట్టి చివర్లో తారు మందమైనా తగ్గాలి, కూలైనా తగ్గాలి. తరచూ రెండూ తగ్గుతాయి.

మిక్స్ చల్లారిపోయిందని, కింద మట్టి ఇంకా తడిగా ఉందని, రోలర్ మరో రెండుసార్లు తిరగాలని అందరికంటే ముందు తెలిసేది ఎవరికి? పొగలో నిలబడి పార పట్టుకున్న మనిషికి. అతన్ని ఎవరూ అడగరు, చెప్పినా వినరు. చెబితే అతనికి ఒరిగేదీ లేదు, రేపు ఆ రోడ్డు పోతే పోయేదీ లేదు. కాల్ సెంటర్‌లో మన గోడు ఓపిగ్గా వినే అమ్మాయిదీ ఇదే పరిస్థితి: తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తెలుసు, దిద్దే అధికారం లేదు. మనం అరిచేది ఆమె మీదే.

పని తెలిసినవాడి చేతికే లెక్కల పుస్తకం కూడా వస్తే ఏమవుతుందో చూడాలంటే కేరళ వెళ్లాలి. కోజికోడ్ జిల్లా వడకర దగ్గర ఊరాళుంగల్ లేబర్ కాంట్రాక్ట్ కో-ఆపరేటివ్ సొసైటీ ఉంది. దాని పుట్టుక వెనక ఉన్నది వ్యాపార ఆలోచన కాదు, వెలి. వాగ్భటానంద అనే సంస్కర్త ఆత్మవిద్యా సంఘం పెట్టి కులాన్ని, మూఢనమ్మకాల్ని తూర్పారబడితే, ఆయన మాట విన్న కూలీలకు ఊరి పెద్దలు పని ఇవ్వడం మానేశారు. పని దొరకనివాళ్లు తమ పని తామే చూసుకుందామని 1925లో సొసైటీ పెట్టుకున్నారు. మొదట చేరింది 14 మంది. పెట్టుబడి రూపాయల్లో కూడా లేదు, అణాల్లోనే.

వందేళ్ల తర్వాత అదే సొసైటీ జాతీయ రహదారులు, వంతెనలు కడుతోంది. వేల మందికి పని ఇస్తోంది. కోజికోడ్‌లో సొంత ఐటీ పార్కు నడుపుతోంది. నన్ను ఆకట్టుకున్నది ఆ సైజు కాదు, రోజువారీ పద్ధతి. డైరెక్టర్లను సభ్యులైన కార్మికులే తమలోంచి ఎన్నుకుంటారు. ఎన్నికైనవాళ్లు ఏసీ గదుల్లో కూర్చోరు. పగలంతా సైట్ల మీద ఉంటారు, సాయంత్రం కూర్చుని ఎక్కడ సిమెంట్ తగ్గింది, ఎక్కడ పని ఆగింది అని మాట్లాడుకుంటారు. పని సబ్ కాంట్రాక్ట్‌కి పోదు. కంకర క్రషర్లు, యంత్రాలు సొంతవి. మధ్యలో జారిపోయే కమీషన్ రోడ్డులోనే ఉంటుంది, మిగిలింది బోనస్‌కీ పీఎఫ్‌కీ వైద్యానికీ పోతుంది. 2018 చివర్లో కోజికోడ్ బైపాస్ మీద తెరిచిన తొండయాడ్, రామనాట్టుకర ఫ్లైఓవర్లను ఈ సొసైటీ అంచనా కంటే తక్కువ ఖర్చుతో కట్టింది. మన దగ్గర అంచనాలు సవరించడమంటే పెంచడమే కదా!

యంత్రాల సంగతి ఇంకా ఆసక్తికరం. జేసీబీ వస్తే కూలీకి పని పోతుందని మనకు తెలుసు. ఇక్కడ జేసీబీ కొనాలా వద్దా అని తేల్చుకోవలసింది ఆ కూలీలే. కొన్నారు, కానీ మనుషుల్ని తీసేయలేదు. యంత్రాల వల్ల పని తగ్గినవాళ్ల కోసం కొత్త పనులు వెతికారు. పెద్ద పనులకు ఎగబాకడం, ఐటీలోకి, ఇరింగల్‌లోని సర్గాలయ చేతివృత్తుల గ్రామం లాంటివాటిలోకి అడుగుపెట్టడం వెనక ఈ అవసరమూ ఉంది.

ఇదేదో స్వర్గమని చెప్పడం లేదు. కేరళ ప్రభుత్వం ఈ సొసైటీకి పనులు ఉదారంగా కట్టబెడుతుందని ప్రైవేటు కాంట్రాక్టర్లు గొణుగుతారు. అందులో కొంత నిజముంది, అక్కడి నిబంధనలే లేబర్ సొసైటీలకు మొగ్గు చూపుతాయి. ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలు చాలామంది అక్కడా ఉద్యోగులే తప్ప సభ్యులు కారు. ఇది నాకు నచ్చని విషయం. కార్మికులే యజమానులైనంత మాత్రాన మార్కెట్ జాలిపడదు కూడా. స్పెయిన్‌లో 1956లో మొదలై ఈ తరహా సంస్థల్లో ప్రపంచంలోనే పేరెన్నికగన్న మోండ్రాగన్‌లో, ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ చేసే ఫాగోర్ 2013లో దివాలా తీసింది. తేడా ఆ తర్వాత కనిపించింది: చాలామంది సభ్యులకు మోండ్రాగన్‌లోని మిగతా సహకార సంస్థలు చోటిచ్చాయి.

మరి ఊరాళుంగల్ లాంటిది మన దగ్గర ఎందుకు రాలేదు? లేబర్ కాంట్రాక్ట్ సొసైటీలు మనకీ ఉన్నాయి. చాలాచోట్ల బోర్డు సొసైటీది, లారీలు కాంట్రాక్టరువి. కూలీలు సంతకాలకు పనికొస్తారు. నిజంగా కూలీలే పెట్టుకున్నా, అసలు అడ్డంకి పెట్టుబడి. టెండర్‌కి ముందే డిపాజిట్ కట్టాలి. పని అయ్యాక బిల్లు కోసం నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరగాలి. కాంట్రాక్టర్ అయితే వడ్డీకి తెచ్చి నెట్టుకొస్తాడు. రోజు కూలీ రెండు వారాలు కూడా ఆగలేడు. ఊరాళుంగల్ ఈ చిక్కును డిపాజిట్లతో దాటింది: సభ్యుల దగ్గరా, మామూలు జనం దగ్గరా వడ్డీకి డబ్బు తీసుకుంటుంది. నమ్మకం లేని చోట ఆ డబ్బు రాదు, నమ్మకానికి ఏళ్లు పడుతుంది. అందుకే మొదలు చిన్నగా ఉండాలి. వార్డులో గుంతలు పూడ్చడం, కాలువలు తియ్యడం, ఫుట్‌పాత్ రాళ్లు పరచడం వంటి పనులు డిపాజిట్ లేకుండా ఇచ్చి, నెలలోపు బిల్లు చెల్లించగలిగితే చాలు. మున్సిపాలిటీలకు ఇది శక్తికి మించిన భారమేమీ కాదు.

చట్టం అడ్డు రాదు. ప్రభుత్వ వాటా తీసుకోని సహకార సంఘాలకు సర్కారు పెత్తనం నుంచి విముక్తి ఇస్తూ దేశంలో మొదట చట్టం చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 1995లో. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం అంటారు దాన్ని. పొదుపు సంఘాలు, పాల సంఘాలు దాన్ని బాగా వాడుకున్నాయి. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, హౌస్‌కీపింగ్ సిబ్బంది, అడ్డా కూలీలు పెద్దగా వాడుకోలేదు. దాని కింద సంఘం రిజిస్టర్ చేయడానికి వేర్వేరు కుటుంబాల నుంచి పదిమంది ఉంటే చాలు.