చేతిలో సీటు... మనసులో సీటు!

పరీక్ష రాయడం ఒక ఎత్తు. రాశాక సీటు కోసం నెలల తరబడి ఎదురుచూడటం మరో ఎత్తు. ఎమ్మే ఇంగ్లీషు చదవాలనుకునే పశ్చిమ ప్రకాశం పిల్లలకు వేసవి నుంచి దసరా దాకా గడిచేది ఇలాగే. ఆ ఎదురుచూపుల వెనక పెద్ద లెక్కలే ఉన్నాయి. అవి తెలిస్తే సగం బెంగ తీరుతుంది.

మార్కాపురంలో పలకల పనికి వెళ్లే ఇల్లు ఒకటి ఊహించుకోండి. సాయంత్రం ఇంటికొచ్చిన తండ్రి చేతులకంటిన రాతిపొడి కడుక్కుంటూ అడుగుతాడు... 'ఏమ్మా, వచ్చిందా?'

'లేదు నాన్నా. ఇంకా తేదీ ఇవ్వలేదు.'

వంటింట్లోంచి తల్లి అందుకుంటుంది. 'డిగ్రీ ఇంగ్లీషు మీడియంలోనే గదా చదివింది. మళ్లీ ఇంగ్లీషు చదవడమేంది?'

కూతురు నవ్వి ఊరుకుంటుంది. మొదట్లో విడమరచి చెప్పేది. ఇంగ్లీషులో చదవడం వేరు, ఇంగ్లీషు సాహిత్యం చదవడం వేరు అని. షేక్‌స్పియర్ నాటకాల నుంచి ఆర్‌.కె.నారాయణ్ నవలల దాకా, ఆఫ్రికా రచయిత చినువా అచెబె నుంచి భాషాశాస్త్రం దాకా అందులో ఉంటాయని. ఆ పీజీ ఉంటేనే జూనియర్ లెక్చరర్ పోస్టుకి అర్హత వస్తుందని. ఇప్పుడు చెప్పే ఓపిక లేదు. ఆమె ధ్యాసంతా ఫోను మీదే. రోజుకు నాలుగుసార్లు అదే వెబ్‌సైటు తెరవడం, అదే పాత ప్రకటన చూసి మూసేయడం!

ఎదురుచూడటం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఎప్పుడో డిగ్రీలు దాటేశారు. నీళ్ల కోసం ఎదురుచూసిన పెద్దలకు, సీటు కోసం ఎదురుచూసే పిల్లల్ని చూస్తే జాలేస్తుంది. కానీ వాళ్ల బాధ ఏమిటన్నది మాత్రం సరిగ్గా అర్థంకాదు. ఎందుకంటే ఇక్కడ సమస్య సీటు రావడం, రాకపోవడం మాత్రమే కాదు. ఏది ముందొస్తుందన్నది!

రెండు పరీక్షలు... రెండు క్యాలెండర్లు

ఎమ్మే ఇంగ్లీషుకి ఇక్కడి విద్యార్థి ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి ఏపీ పీజీసెట్. ఒకప్పుడు నాగార్జున, ఆంధ్రా, శ్రీవెంకటేశ్వర... ఇలా ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానిదే. అన్నింటికీ విడివిడిగా ఫీజులు కట్టి, ఊళ్లు తిరిగి రాయాల్సొచ్చేది. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఆ ర్యాంకుతో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనూ వాటి అనుబంధ కళాశాలల్లోనూ చేరొచ్చు.

రెండోది సీయూఈటీ పీజీ. 2022లో మొదలైన ఈ జాతీయస్థాయి పరీక్షతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ లాంటి చోట్ల సీటుకు ప్రయత్నించవచ్చు. ప్రశ్నలు 75. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు రాస్తే ఒకటి కోత. 1974లో మొదలైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు చదవాలన్నది తెలుగునాట సాహిత్యం ఇష్టపడే చాలామంది పిల్లల కల.

చిక్కంతా ఈ రెంటి క్యాలెండర్లతోనే. సీయూఈటీ పీజీ మొదటి ఏడాది సెప్టెంబరులో జరిగింది. 2023లో జూన్‌కి వచ్చింది. 2024లోనూ 2025లోనూ మార్చిలో మొదలైంది. పీజీసెట్ సంగతి మరోరకం. 2025లో జూన్‌లో పరీక్ష పెట్టారు, అదే నెలలో ఫలితాలూ ఇచ్చారు. కానీ కౌన్సెలింగ్ మొదలైంది సెప్టెంబరులో! చేతిలో ర్యాంకు కార్డు ఉంది, చేరడానికి కళాశాల లేదు. ఆ రెండు నెలల పైచిలుకు కాలంలోనే ఇంట్లో అసలు పరీక్ష మొదలవుతుంది.

'అన్నాళ్లు ఖాళీగా ఎందుకు? బీఈడీలో చేర్పించండి. రెండేళ్లలో డీఎస్సీ రాస్తుంది' అంటారు బంధువులు. అదీ కాదనలేని మాటే. బీఈడీ ఉంటే బడిలో టీచరు ఉద్యోగానికి దారి కనిపిస్తూ ఉంటుంది. ఎమ్మే దారి దానికంటే పొడవు. పైగా ఆడపిల్లయితే, ఆ ఖాళీ నెలల్లోనే ఏదో ఒక పెళ్లి సంబంధం గడప తొక్కుతుంది. ఎదురుచూపు ఎంత పొడుగైతే 'చదువు చాల్లే' అనే మాటకు అంత బలం. ఆలస్యం అందరికీ ఒకటే అయినా అది అందరి ఇళ్లలో ఒకేలా గడవదు.

గీత అవతల నంద్యాల

ఈ ప్రాంతానికి మరో ప్రత్యేకమైన చిక్కుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970 దాకా కర్నూలు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. తర్వాత 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థల్లో ప్రవేశాలకు స్థానిక ప్రాంతాలు ఏర్పడ్డాయి. ప్రకాశం ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వెళ్లింది. కర్నూలు శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉండిపోయింది. ఆ ఉత్తర్వు పరిధిలోని కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులవే.

గిద్దలూరులో రైలెక్కితే దిగువమెట్ట, నల్లమల అడవి దాటి నంద్యాల చేరుకోవచ్చు. రోడ్డు మీదైతే 60 కిలోమీటర్ల పైచిలుకు. అదే ఒంగోలు అంతకు రెట్టింపు దూరం, నేరుగా రైలూ లేదు. అయినా గిద్దలూరు విద్యార్థికి ఒంగోలే స్థానికం! పక్కనున్న నంద్యాలలోనో కర్నూలులోనో చదవాలంటే మిగిలిన 15 శాతంలో పోటీపడాలి. ఒంగోలులో నాగార్జున విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంగా మారడం ఈ పిల్లలకు కాస్త ఊరట. కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఈ గీతలు లేవు. సీయూఈటీ మీద ఇక్కడివాళ్లు ఆశపెట్టుకోవడానికి అదీ ఒక కారణమే.

స్కోరొచ్చింది... సీటేదీ?

ఆ ఆశ పెట్టుకున్నవాళ్లలో కొందరు పొరపాటు పడేది ఒకేచోట. సీయూఈటీ స్కోరు వచ్చాక సీటు దానంతటదే వస్తుందనుకుంటారు. రాదు! పరీక్ష నిర్వహించే సంస్థ పని స్కోరు ఇవ్వడంతో అయిపోతుంది. ఆపైన ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయమే నోటిఫికేషన్ ఇస్తుంది. దాని వెబ్‌సైటులో మళ్లీ పేరు నమోదుచేసుకోవాలి, ఫీజు కట్టాలి, సర్టిఫికెట్లు పెట్టాలి. ఆ గడువు నాలుగు రోజులు దాటితే మంచి స్కోరు కూడా కాగితం ముక్కే. నగరంలో చదివేవాళ్లకు సీనియర్లు చెబుతారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్లకు చెప్పేదెవరు?

సర్టిఫికెట్లదీ అదే కథ. రాష్ట్ర ప్రభుత్వ అవసరాలకు ఇచ్చే బీసీ ధ్రువపత్రం కేంద్ర విశ్వవిద్యాలయాల్లో సరిపోదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రమూ ఏ ఆర్థిక సంవత్సరానిది ఆ సంవత్సరమే. ఏప్రిల్ దాటగానే కొత్తది తీసుకుంటే, సీటొచ్చిన రోజున తహసీల్దారు కార్యాలయం చుట్టూ పరుగులు తీయక్కర్లేదు.

పోతే రెండూ పోతాయేమో!

ఇప్పుడు అసలు బెంగ దగ్గరికి వద్దాం. బీఈడీ సీటో, దగ్గర్లోని కళాశాలలో పీజీ సీటో ముందు వస్తుంది. వారంలోపు చేరాలంటారు. కోరుకున్న విశ్వవిద్యాలయం జాబితా ఇంకా రాలేదు. చేరితే ఫీజు కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. రేపు అక్కడ సీటొస్తే వీళ్లు ఇవి తిరిగిస్తారా? చేరకపోతే, అక్కడా రాకపోతే? చేతిలోది వదిలితే రెండూ పోతాయి. పట్టుకుంటే మనసులోది పోతుంది. చాలా ఇళ్లలో ఈ భయంతోనే కల అక్కడితో ఆగిపోతుంది.

నిజానికి ఈ భయానికి మందు 2018లోనే వచ్చింది. ఫీజుల వాపసు, సర్టిఫికెట్ల విషయంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆ ఏడాది స్పష్టమైన నిబంధనలు ఇచ్చింది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచేసుకోకూడదు. వాళ్లముందే పరిశీలించి వెంటనే తిరిగివ్వాలి. ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే మానుకుంటే ఫీజు మొత్తం వాపసు చేయాలి. అందులో అయిదు శాతానికి మించకుండా, అదీ 5 వేల రూపాయల లోపే, ఖర్చుల కింద పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల్లోపు మానుకుంటే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల్లో అయితే 80, నెలలోపు అయితే 50 శాతం ఇవ్వాలి. ఆ తర్వాతైతే ఏమీ రాదు. 2024-25 ప్రవేశాలకైతే సెప్టెంబరు 30లోపు మానుకున్నవారికి ఫీజంతా ఇవ్వాలని యూజీసీ ప్రత్యేకంగా చెప్పింది.

అంటే, చేతిలో సీటు తీసుకుని కూడా మనసులోని సీటు కోసం ఎదురుచూడొచ్చు! చేరేటప్పుడు చేయాల్సింది రెండే పనులు. ప్రవేశాల చివరి తేదీ ఎప్పుడో తెలుసుకుని రాసిపెట్టుకోవడం, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవడం. మానుకునేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద తేదీ వేయించుకోవాలి. వాపసు లెక్క ఆ తేదీ మీదే ఆధారపడుతుంది.

ఆ పైచదువుకీ ఇదే తీరు

ఎమ్మే అయ్యాక పీహెచ్‌డీ. అక్కడా నిరీక్షణే. 2024 జూన్ 18న దేశవ్యాప్తంగా 9 లక్షల మందికి పైగా యూజీసీ నెట్ రాశారు. మర్నాడే పరీక్ష రద్దయింది! ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 వరకూ మళ్లీ పెట్టారు. ఫలితాలొచ్చేసరికి అక్టోబరు. పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ మార్కులనే లెక్కలోకి తీసుకోవాలన్న పద్ధతి మొదలైంది కూడా ఆ విడతతోనే. జేఆర్‌ఎఫ్ రాకున్నా పీహెచ్‌డీకి అర్హత సాధించినవాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. ఆ అర్హత ఏడాదే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్. పలకల పనికి వెళ్లే ఇంటికి అదెంత ధైర్యమో వేరే చెప్పాలా!

అమెరికాలో ఇంగ్లీషు పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే తెలుగు పిల్లలూ ఉన్నారు. డిసెంబరు, జనవరిల్లో దరఖాస్తు పంపితే మార్చి దాకా మెయిలు కోసం చూపులే. అక్కడా అన్నీ సవ్యంగా లేవు. 2025లో షికాగో విశ్వవిద్యాలయం మానవీయ శాస్త్రాల్లో అనేక శాఖలకు తర్వాతి ఏడాది పీహెచ్‌డీ ప్రవేశాలు నిలిపేస్తున్నట్లు ప్రకటించింది. కానీ అక్కడ ఓ మంచి పద్ధతి ఉంది. ఆర్థిక సాయంతో సీటు ఇచ్చినప్పుడు ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదని చాలా విశ్వవిద్యాలయాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. వచ్చిన సీట్లన్నీ ముందు పెట్టుకుని స్థిమితంగా ఎంచుకోవడానికే ఆ గడువు. రాష్ట్రం, కేంద్రం కలిసి అలాంటి ఒక్క తేదీ పెట్టగలిగితే ఇక్కడా ఎన్ని ఇళ్లు నిద్రపోతాయో!

అది వచ్చేదాకా తేదీల లెక్క మనమే రాసుకోవాలి. గిద్దలూరైనా కంభమైనా, స్థానిక డిగ్రీ కళాశాలలోని ఇంగ్లీషు అధ్యాపకులు చివరి ఏడాది పిల్లలకు డిసెంబరులోనే ఆ తేదీల పట్టిక ఒకటి గోడకు అంటిస్తే చాలు. సగం దారి చూపించినట్టే.

తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు తయారుచేసిన ఊరు మార్కాపురం. ఆ పలకలు చేసిన చేతుల్లో అక్షరం రానివి ఎన్నో. అలాంటి ఇంట్లో ఇప్పుడొక అమ్మాయి తన పేరు ఓ జాబితాలో వస్తుందని చూస్తోంది. రేపు సాయంత్రమూ తండ్రి చేతులు కడుక్కుంటూ అదే మాట అడుగుతాడు.

'ఏమ్మా, వచ్చిందా?'

'ఇంకా రాలేదు నాన్నా. ఇరవయ్యో తేదీ దాకా గడువుంది. అప్పటిదాకా ఇది ఎక్కడికీ పోదు.'

ఆ జవాబులో ఈసారి బెంగ ఉండదు. ఎందుకంటే తేదీ ఆమె చేతిలో ఉంది.